డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

తాము కనిపెట్టిన మందులు లోకమంతట వ్యాపింపగా, తమ పేరు మాత్రము మరుగున పడిపోయిన తెలుగువారిలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. వారి జీవితకథను మన విద్యార్థులలో కొందరు వినియే యుందురు. కాని వారు చేసిన పనికిని, పెరుగుచున్న పసివాని మెదడునకును గల సంబంధమును పెక్కురు ఎరుగరు. ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఆ సంబంధమే. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండి బిడ్డలను బడికి పంపుచున్న తల్లులకును ఇందు అక్కరకు వచ్చు సంగతులు కొన్ని కలవు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యముచేత ఆయన ఉద్యోగమును ముందుగనే మానుకొనవలసి వచ్చెను. సంసారము పెద్దది, రాబడి చిన్నది. తల్లి వెంకమ్మగారు మిక్కిలి పట్టుదల గల ఇల్లాలు. పదుమూడేండ్ల ప్రాయమున సుబ్బారావుగారు, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి పట్టి తెప్పించి మరల బడికి పంపెనని వారి చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పినవారు ఈ సంగతిని గమనింతురుగాక. అయితే రెండుమార్లు తప్పుట గొప్పతనమునకు గుర్తని మాత్రము ఎవరును భావింపరాదు!

అటుపిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు ముగించి, మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు ఖద్దరు ధరించి తరగతికి పోవుట శస్త్రవైద్యాచార్యునకు కంటగింపయ్యెను. తుదకు వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో కొలువు దొరకనందున, మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కొంతకాలము గడపిరి.

వారి ఇంట ఒక దారుణము జరిగెను. స్ప్రూ అను వ్యాధిచే ఇరువురు సోదరులు కొలది దినముల వ్యవధిలోనే మరణించిరి. తిన్న ఆహారము వంటికి పట్టక, విరేచనములతోను రక్తహీనతతోను మనిషి క్షీణించిపోవు వ్యాధి అది. సుబ్బారావుగారికిని అదే వ్యాధి సోకగా, లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికి బయటపడిరి. దానికి కారణమేమి, మందేమి అను ప్రశ్న వారి మనస్సునుండి మరల తొలగలేదు. ఆ ప్రశ్నకు సమాధానము సుమారు ఇరువదియైదేండ్లకు వారి చేతులలోనే దొరకుట ఈ కథలోని వింత.

1919లో వారు శేషగిరిగారిని పెండ్లాడిరి. మామగారి సాయముచేతను, కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థ వాగ్దానముచేతను అమెరికా ప్రయాణము సాధ్యమయ్యెను. 1922వ సంవత్సరము అక్టోబరులో బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల విద్య అభ్యసించిరి. ఇంటివద్ద పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. అమెరికాలో భుక్తికై వారు ఒక ఆస్పత్రిలో రాత్రివేళల రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. వైద్యపట్టము గలవాడు ఇట్టి పని చేయుటయా యని చిన్నబుచ్చుకొనక, పగలు చదివి రాత్రి ఆ పనిచేసిరి.

హార్వర్డులో జీవరసాయనశాఖయందు సైరస్ ఫిస్కే అను ఆచార్యునివద్ద వారు పరిశోధన కారంభించిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత గలదో నీలిరంగు చిక్కదనమునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో వారిరువురును ప్రకటించిరి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యని లోకప్రసిద్ధమైనది ఇదియే. ఈ కొలత చేత నుండుటవలననే కండరములలో దాగియున్న ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థము 1927లో వారికి దొరకెను. 1929లో అంతకంటె ముఖ్యమగు ఎ.టి.పి. అను పదార్థము బయటపడెను. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా దానిని కనుగొనెను. కణము ఏ పని చేయవలెనన్నను ఖర్చుపెట్టు చిల్లర నాణెము వంటిది ఎ.టి.పి. కండరము ముడుచుకొనుట, నాడి వార్త పంపుట, దెబ్బతిన్న భాగమును బాగుచేసికొనుట, అన్నియు దీనివలననే. చచ్చుటకు సయితము కణమునకు ఈ నాణెమే కావలెనను సంగతి వారి మరణానంతరము చాలకాలమునకు తెలియవచ్చెను. దానిని ముందు చెప్పెదము.

1930లో పిహెచ్.డి. పట్టము వచ్చెను గాని, హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము రాలేదు. 1940లో వారు న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ అనుచోట లెడర్లీ పరిశోధనాలయమున చేరి, కొద్దికాలములోనే పరిశోధనాధ్యక్షులైరి. అచ్చటి ఎనిమిదేండ్లలో జరిగిన పని ఒక మనిషి ఆయుర్దాయమునకు మించినది. బోదకాలు క్రిములను చంపు హెట్రజాన్ అను మందు, ఆరియోమైసిన్ అను టెట్రాసైక్లిను జాతి ఔషధము వారి పర్యవేక్షణలో వెలువడెను. ఆరియోమైసినును మట్టిలోని సూక్ష్మజీవినుండి కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. తమవారి పేర్లు ముందు పెట్టి తాము వెనుక నుండుట సుబ్బారావుగారి స్వభావము. వారి పేరు మరుగునపడుటకు అదియు ఒక కారణమని నా అభిప్రాయము.

ఇక ఫోలిక్ ఆమ్లము కథ. దీని మొదలు మనదేశములోనే కలదు. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928 మొదలు బొంబాయిలో, గర్భవతులగు పేదస్త్రీలకు వచ్చు తీవ్ర రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారము తినిపించినచో అది కుదురుచున్నదని కనుగొనెను. ఈస్టులో ఆ గుణము గల వస్తువేదో ఆమెకు తెలియదు. ఆకుకూరలలోను కాలేయములోను గూడ నుండు ఆ వస్తువే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలెను. 1945లో లెడర్లీలో సుబ్బారావుగారి బృందము దానిని కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ వ్యాధికి అది మందయ్యెను. సోదరులను పొట్టనబెట్టుకొన్న వ్యాధికి తాము చేసిన తెల్లపొడియే ఔషధమైనప్పుడు వారి మనస్సు ఎట్లుండెనో ఊహించుకొనవలసినదే.

కణము రెండుగా చీలుటకు ముందు, తనలోని వంశసూత్రమగు డి.ఎన్.ఏ.కు మరియొక ప్రతి వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు వలయు అక్షరములలో ఒకదానిని తయారుచేయుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అందుచే వేగముగ పెరుగు కణములకు అది ఎక్కువ కావలెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను పిల్లల వైద్యుడు లుకీమియా అను రక్తపు క్యాన్సరుతో వచ్చిన శిశువులకు ఫోలిక్ జాతి పదార్థములు ఇచ్చి చూడగా, జబ్బు తగ్గుటకు మారుగా హెచ్చినట్లు తోచెను. పెరుగుదలకు కావలసిన ఆహారమును దొంగచేతికి ఇచ్చినట్లయ్యెను. అట్లయిన ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పని చేయని నకిలీ వస్తువును ఇచ్చిన నేమగును? పెర్ల్ రివరులో అట్టి నకిలీలు తయారయ్యెను. వానిలో అమినాప్టెరిన్ అనుదానిని ఫార్బర్ 1947 చివరినుండి వాడి, 1948 జూనులో ఫలితములు ప్రకటించెను. పదునార్గురు పిల్లలలో పదిమందికి గుణము కనబడెను. అది తాత్కాలికమే, వ్యాధి మరల తిరగబెట్టెను. అయినను అంతవరకు ఆ వ్యాధి వచ్చిన బిడ్డకు వైద్యుడు చేయగలిగినది మిక్కిలి స్వల్పము. అమినాప్టెరిను సోదరియగు మెథోట్రెక్సేటు నేటికిని ప్రపంచమంతట వాడుకలో కలదు.

ఆ ప్రకటన వెలువడిన రెండునెలలకే, 1948వ సంవత్సరము ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. సముద్రము దాటివెళ్లిన తరువాత వారు స్వదేశమునకు మరల రాలేదు. శేషగిరిగారిని మరల చూడలేదు. 1995లో వారి శతజయంతికి భారతప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

మనిషి కథ ఇంతటితో ముగిసినను, మందు కథ ముగియలేదు. దానిని తెలిసికొనుటకు మొదట కణమరణమును గూర్చి చెప్పవలెను.

మన ప్రాంతమున పట్టుపురుగులను పెంచు ఇండ్లు పెక్కు కలవు. మల్బరీ ఆకు మేసి బలిసిన పురుగు చంద్రికకు ఎక్కి గూడు అల్లుకొనును. ఆ పురుగు శరీరములో చాలభాగము ఆక్రమించియుండునది పట్టుగ్రంథి. గూడు అల్లుట ముగిసిన కొద్దిదినములకే ఆ గ్రంథి కరగిపోవును. దానిని ఎవరును కోయలేదు, కాల్చలేదు. పని తీరినది గనుక అందలి కణములు తమలోనే యున్న ఆజ్ఞనుబట్టి తమ్ము తామే రూపుమాపుకొన్నవి. ఇట్టి మరణము మన శరీరములోను నిత్యము జరుగుచున్నది. తల్లి గర్భమున మెదడు తయారగునప్పుడు కావలసినదానికంటె చాల ఎక్కువ నాడీకణములు పుట్టును. తగిన సంబంధము కుదరనివి ఈ విధముగ తొలగిపోవును. 1972లో ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనికి అపోప్టోసిస్ అని పేరు పెట్టిరి. దెబ్బతిని వాచి పగిలి చచ్చు కణమునకును దీనికిని భేదము కలదు. ఇందు కణము ముడుచుకొని, లోపలి సామగ్రిని తునకలు చేసి, ప్రక్కకణములు మ్రింగుటకు అనువుగ మూటలు కట్టును. ఇరుగుపొరుగునకు మంట పుట్టదు. ఇంత క్రమముగ పని జరుగుటకు శక్తి కావలెను; అది సుబ్బారావుగారి ఎ.టి.పి.యే. ఎ.టి.పి. పూర్తిగా అడుగంటిన కణము ఈ క్రమమరణమునకు సయితము నోచుకొనక, వాచి పగిలి చచ్చునని 1997లో ప్రకటించిన ప్రయోగములవలన తేలెను.

ఎక్స్ కిరణములకు ఈ విషయముతో పని యేమి? తీవ్రమైన కిరణము కణమునందలి డి.ఎన్.ఏ. దారమును తెంపును. కొలది తెంపులను కణము అతికికొనును. తెంపులు మిక్కుటమైనప్పుడు పి53 అను మాంసకృత్తు మేల్కొనును. తెగిన దారముతో చీలిన కణము తప్పుడు సంతానమును కనును గనుక, దానిని ఆపుటయో చంపుటయో దీని పని. చంపవలెనని తీర్పైనచో, కణములోని మైటోకాండ్రియాల పొర సడలి సైటోక్రోమ్ సి అను పదార్థము వెలికివచ్చును. దాని పిలుపునకు కాస్పేసులు అను కత్తెరలు పనికి దిగును. పెద్దవాని మెదడులోని నాడీకణము చీలుట మానినది. అది కిరణమునకు సులభముగ లొంగదు. పెరుగుచున్న మెదడులో ఇంకను చీలుచున్న మూలకణములు, అప్పుడే పుట్టిన లేత నాడీకణములు మాత్రము కొద్దిపాటి కిరణముతోనే, కొద్దిగంటలలోనే, గుంపులుగ ఈ మరణము పొందును. పి53 లేకుండ పుట్టించిన చుంచెలుకలలో అట్లు జరుగకుండుట చూచి, దీనికి మూలము పి53 యే అని నిర్ధారించిరి. ముదిరిన టమాటా మొక్క తట్టుకొను ఎండకు నారుమడిలోని లేత నారు వాడిపోవుట మదనపల్లె రైతులకు క్రొత్త సంగతి గాదు.

దీనికి మానవలోకమున మిక్కిలి దుఃఖకరమైన సాక్ష్యము కలదు. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడినప్పుడు తల్లి గర్భమున నుండిన సుమారు 1,600 మంది బిడ్డలను వైద్యులు ఏండ్లతరబడి పరీక్షించిరి. వారిలో 30 మందికి తీవ్రమైన బుద్ధిమాంద్యము కనబడెను. ఎనిమిదవ వారము మొదలు పదునైదవ వారమువరకు గర్భములో నుండినవారికే ఆ హాని ఎక్కువ. పదునారు మొదలు ఇరువదియైదు వారములవారికి కొంత తక్కువ. అంతకు ముందువారిలోను తరువాతివారిలోను ఇట్టి తీవ్రమాంద్యము హెచ్చినట్లు కానరాలేదు. మెదడు పైపొరకు వలయు నాడీకణములు పుట్టి తమతమ తావులకు పయనించు కాలము సరిగా ఆ ఎనిమిది వారములే.

ఇది చదివి గర్భవతులు బెదరిపోరాదు. బాంబుకిరణమునకును ఆస్పత్రి ఎక్స్-రేకును హస్తిమశకాంతరము. మెదడునకు హాని కనబడుట సుమారు 100 మిల్లీగ్రేలకు పైబడిన మోతాదుననే. రొమ్ము ఎక్స్-రే ఒకటి తీసినప్పుడు గర్భస్థశిశువునకు చేరునది ఒక మిల్లీగ్రేలో నూరవవంతుకంటెను తక్కువ. క్షయవ్యాధి చికిత్సకు దేశప్రసిద్ధమైన ఆరోగ్యవరము మన మదనపల్లె చెంతనే యున్నది; ఎక్స్-రే అవసరము మన ఊళ్లవారికి క్రొత్త గాదు. గర్భము సంగతి ముందుగ చెప్పవలెనని ఎక్స్-రే గది తలుపుపై వ్రాసియుండునది, అవసరములేని చిత్రములు తీయకుండుటకును, కడుపును కాపాడుటకును మాత్రమే. అవసరమైన పరీక్షను మానుకొని దగ్గును ముదురబెట్టుకొనుట తల్లికిని బిడ్డకును ఎక్కువ అపాయము. ఎక్స్-రే తీసినారను భయముతో గర్భమునే పోగొట్టుకొనువారు గూడ అక్కడక్కడ కలరని వినుట మిక్కిలి విచారకరము.

తిరిగి లుకీమియా పిల్లల సంగతికి వత్తము. అనేక ఔషధములు కలిపి ఇచ్చుటచే 1960 ప్రాంతమునకు రక్తములోని వ్యాధి లొంగసాగెను. కాని కొన్ని నెలలకు బిడ్డ తలనొప్పి, వాంతులతో మరల వచ్చెడివాడు. రక్తమునుండి మెదడునకు మందులను పోనీయని అడ్డుగోడ యొకటి కలదు. వ్యాధికణములు దాని చాటున మెదడు పొరలలో దాగుచుండెను. అమెరికాలోని మెంఫిస్ నగరమున సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డోనాల్డ్ పింకెల్ అను వైద్యుడు, బిడ్డ తలయంతటికిని కిరణచికిత్స చేయించి, వెన్నెముక సూదిద్వారా మెథోట్రెక్సేటును గూడ ఎక్కించెను. 1967లో ప్రారంభమైన ఆ పద్ధతిచే సుమారు సగముమంది బ్రతికిరి. అదివరకు దాదాపు అందరును చనిపోవు వ్యాధి అది. ఆ తల్లిదండ్రుల సంతోషమునకు మేర లేదు.

ఆ పిల్లలు బడికి వచ్చిరి. అప్పుడు రెండవ దుఃఖము మొదలయ్యెను. పాఠము జ్ఞాపకముండదు, లెక్క నడవదు, మనస్సు నిలువదు. కొందరు పొడవు పెరుగరు. చికిత్సనాటికి వయస్సు ఎంత చిన్నదో నష్టము అంత పెద్దది. పుట్టిన తరువాతను మెదడులో కొన్నితావుల కణముల చీలిక సాగుచునే యుండును. జ్ఞాపకమునకు సంబంధించిన హిప్పోకాంపసులోను, నాడులకు తొడుగు అల్లు కణముల మూలములలోను అది ముఖ్యము. కిరణము తగిలినప్పుడు అవి క్రమమరణము పొందుటను జంతువులలో కన్నులార చూచిరి. పిల్లల నష్టమునకు అది యొక్కటే కారణము గాదు. రక్తనాళములు చెడుట, వాపు మున్నగునవియు కలవు. బ్రతికించిన కిరణమే బుద్ధిని కొంత హరించెనను మాట వైద్యులను బాధించెను. తరగతిలో వెనుకబడిన బాలుని మందమతి యనుటకు ముందు, వాని వెనుక ఏ చికిత్స, ఏ జబ్బు గడచినదో విచారించుట ఉపాధ్యాయులకు ఎంత అవసరమో దీనివలన తెలియును.

కిరణమును క్రమముగ తగ్గించిరి. దాని తావున వెన్నుద్రవములోనికి ఎక్కించు మెథోట్రెక్సేటును, దానితోడి ఇతర ఔషధములను హెచ్చించిరి. ఈ మందును వ్యాధికణములో డి.ఎన్.ఏ. వ్రాతను చెరచి, చాలవరకు అదే క్రమమరణపు త్రోవను పట్టించును. అయినను ఇది నిర్దోషమని చెప్పరాదు. మోతాదు మించినను, కిరణచికిత్సకు తరువాత ఇచ్చినను ఇదియు మెదడునకు కీడు చేయగలదు. గర్భవతులకు ఈ జాతి మందులు నిషిద్ధములు. అమినాప్టెరిను తిన్న తల్లుల గర్భములు పోవుటయు, బిడ్డలు వికృతరూపులై పుట్టుటయు 1952నాటికే వైద్యపత్రికలలో ప్రకటింపబడెను. ఫోలిక్ ఆమ్లము లోపించినచో సంభవించు కీడు కూడ ఈ వరుసలోనిదే. గర్భము నిలిచిన ఇరువదియెనిమిది దినములలోగా బిడ్డ నాడీగొట్టము మూసికొనవలెను. అట్లు మూసికొననిచో వెన్ను తెరచుకొనియు, తలపై భాగము లేకయు పుట్టుదురు. గర్భమునకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నచో, అట్టి బిడ్డను కనిన తల్లికి మరల అదే కీడు కలుగుట నాలుగింట మూడువంతులవరకు తగ్గునని 1991లో వెలువడిన పెద్ద పరిశోధన చూపెను. ఆ ఇరువదియెనిమిది దినములు గడచునప్పటికి పెక్కుమంది తల్లులకు తాము గర్భవతులమను సంగతియే తెలియదు. అందుచేతనే వైద్యులు దానిని ముందుగనే మొదలుపెట్టుమందురు. ఆస్పత్రులలో గర్భవతులకు ఉచితముగ ఇచ్చు ఇనుపమాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కలదు. నల్లని విరేచనమగుననియు, వికారము పుట్టుననియు దానిని గూటిలో దాచిపెట్టు తల్లులు, అది పెర్ల్ రివరులో ఒక తెలుగువాని పర్యవేక్షణలో మొదట తయారైన పదార్థమని ఎరిగిన నైనను నోట వేసికొందురేమో.

2009వ సంవత్సరమున అదే సెయింట్ జూడ్ ఆస్పత్రి వైద్యులు మరియొక ఫలితము ప్రకటించిరి. సుమారు ఐదువందలమంది లుకీమియా పిల్లలలో, చికిత్సారంభమున ఒక్కనికిని తలకు కిరణము పెట్టలేదు. వెన్నుద్రవములో మెథోట్రెక్సేటు మున్నగు మందులు, రక్తములో తగిన ఔషధములు, అంతియే. ఐదేండ్లు గడచినను నూటికి తొంబదిమందికి పైగా జీవించియుండిరి.